మా అక్క ఎడమ పురి

దయ్యాలున్నాయని ఎవరైనా చెబితే నేను వాదించను. ఎప్పుడు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, అప్పుడు పక్కన ఇంకెవరున్నారు అని అడుగుతాను. పక్కన ఎవరున్నారన్న ప్రశ్నకు వచ్చేసరికి చాలామంది మాట మార్చేస్తారు. మా ఎమ్మిగనూరులో పాత నూనె మిల్లు వెనక ఆడమనిషి ఏడుస్తుందని ఒక కాలంలో పెద్ద పుకారు ఉండేది. నేను పట్టపగలు పోయి చూస్తే పైకప్పు రేకు ఒకటి మేకు ఊడి, గాలికి పక్క రేకును ఒరుసుకుంటోంది. మేకు కొట్టించాను. ఏడుపు ఆగిపోయింది.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, దయ్యాన్ని చూశానని చెప్పడానికి నేను ఈ నాలుగు మాటలూ రాయడం లేదు. నా కళ్లముందు ఒకటి జరిగింది. దానికి మేకు ఎక్కడ కొట్టాలో నాకు ఇప్పటికీ దొరకలేదు.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. చిన్నప్పుడే బడి మానేశాను. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. ఇన్ని చీరలు నేయాలంటే నిలువున సాగే పడుగుకు ఎంత నూలు కావాలి, అడ్డంగా నేసే పేకకు ఎంత కావాలి, అంచులో ఏ రంగు పోగులు ఎన్ని రావాలి అని మా ఊరి నేతగాళ్లు నా చేత లెక్క కట్టించుకుంటారు. అదే నా బతుకు. ఒక్క పోగు తేడా వచ్చినా నేసిన బట్ట మీద కనిపించిపోతుంది. అందుకే సుమారుగా అనే మాట నాకు పడదు.

మా అక్క పేరు ఈరమ్మ. నాకన్నా చాలా పెద్దది. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోతే, నన్ను పెంచింది అక్కే. పెళ్లయిన కొద్ది కాలానికే బావ జబ్బు చేసి పోయాడు. పిల్లలు లేరు. మా ఇంటి పక్క గదిలో, తన పొయ్యి తనదిగా, తన సంపాదన తనదిగా బతికింది.

ఆమె పని అచ్చు అతకడం. మగ్గం సంగతి తెలియనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. మగ్గం మీది పడుగు అయిపోవచ్చినప్పుడు చివరి దాకా నేసేయరు. అచ్చు అంటే పోగుల్ని వరుస తప్పకుండా ఉంచే దువ్వెనలాంటి చట్రం; అందులో దూరి ఉన్న పాత పోగుల కొసలు కొంచెం మిగిల్చి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి కలుపుతారు. ముడి వేయరు. ముడి వేస్తే అచ్చు సందుల్లో తట్టుకుంటుంది. వేళ్లకు బూడిద రాసుకొని, రెండు కొసలూ చేర్చి మెలితిప్పి, వెనక్కి మడిచి ఒత్తుతారు. ఆ మెలికను పురి అంటారు. ఒక్కో పడుగులో వేల పోగులు. ఒక చోట ఒక్క పోగు దాటితే, అక్కణ్ణుంచి అన్నీ తప్పుతాయి.

అందరూ కుడి బొటనవేలితో ముందుకు తిప్పి పురి వేస్తారు. అక్కకు చిన్నప్పుడు రోకలి పడి కుడి బొటనవేలు వంగడం మానేసింది. అందుకని ఎడమ చేత్తో, వెనక్కి తిప్పి వేయడం తనకు తానే కనిపెట్టుకుంది. కుడి బొటనవేలు కర్రలా నిలబడి ఉంటే దాని పక్కన ఎడమ వేళ్లు పని చేసేవి. ఊళ్లో ఏ మగ్గం దగ్గర అతుకు చూపించి ఇది ఎవరిదంటే, ఎడమ పురి అయితే ఈరమ్మదని పిల్లలు కూడా చెప్పేవారు. అలా వేయడం ఇంకెవరికీ రాదు. రావలసిన అవసరమూ లేదు. పని మాత్రం ఎంత గట్టిదంటే కోడుమూరు నుంచి కూడా ఆమెను పిలిపించుకునేవారు.

పందొమ్మిది వందల డెబ్బైల చివర్లో అక్కకు మరుపు మొదలైంది. అప్పటికి ఆమెకు అరవై కూడా లేవు.

మొదట పేర్లు పోయాయి. తర్వాత, చెప్పిన మాటే మళ్లీ చెప్పడం. బియ్యం కడిగి, పొయ్యి మీద పెట్టకుండా వాకిట్లోకి వచ్చి కూర్చునేది. అలాగని మనిషి మారలేదు. నవ్వేది, కసిరేది, నా భార్య చేసిన పప్పుకు వంకలు పెట్టేది. వయసు మీదపడుతోంది కదా అనుకున్నాం.

ఒకరోజు మా వీధిలో మగ్గం ఉన్న నాగప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తువ్వాలు కొసను వేలికి చుట్టడం, విప్పడం.

"సిద్దన్నా, ఒక మాట. కోపం సేసుకోవద్దు," అన్నాడు చివరికి.

"సెప్పప్పా."

"ఈరక్క మొన్న మా అచ్చు అతికింది గదా. అంచుకాడ ఒక పోగు దాటేసినాది. ఎర్రపోగులన్నీ పోయి పసుపు పక్కన కూసున్నాయి. నేనూ నా పెండ్లామూ అంతా ఇప్పి మళ్లా అతుక్కున్యాం. ఆయమ్మకు సెప్పల్యా. నోరు రాల్యా."

వాళ్లు చెప్పకపోయినా అక్కకు తెలిసిపోయింది. తాను అతికిన పడుగు ఎలా నడుస్తోందో మగ్గం దగ్గరికి పోయి చూసి రావడం ఆమె అలవాటు. మర్నాడు నాగప్ప ఇంటికి పోయింది. పోయినంత వేగంగానే తిరిగి వచ్చింది.

"సిద్దా, నాగప్ప మగ్గం మీద నా పురి లేదురా. అన్నీ కుడి పురులే," అంది.

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె వినలేదు.

"పేర్లు పోతే పోనీ. పప్పులో ఉప్పు మర్సిపోతే మీ ఆడది ఏసుకుంటాది. సేతుల్లోంచి పని పోతే ఇంగ నేనెవర్నిరా?"

బూడిద చిప్పను అటక మీద పెట్టేసింది. తర్వాత ఎవరు పిలిచినా పోలేదు. కొన్నాళ్లకు నేనే రెండు దారం కొసలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. పట్టుకుంది. రెంటినీ చేర్చింది. అక్కడ ఆగిపోయింది. నా మొహం చూసి, "తర్వాత ఏందిరా?" అని అడిగింది. దయ్యాలకు భయపడని నాకు ఆ ప్రశ్న వింటే భయం వేసింది.

ఆదోని పత్తి మార్కెట్లో పని చేసే తెలిసినాయన ఒకరు, అక్కడ ఒక డాక్టరు మతిమరుపుకు సన్నటి కరెంటు పెట్టి వైద్యం చేస్తున్నాడని చెప్పాడు. సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి అట. ఈ సంగతి మా వీధికి మాకన్నా ముందే తెలిసిపోయింది. ఈరమ్మకు పిచ్చి ముదిరి షాకు పెట్టిస్తున్నారని ఒకరు, కరెంటు ఎక్కించుకున్నాక చేతిలో బల్బు పెడితే వెలుగుతుందని ఇంకొకరు.

"వెలిగితే మేలే గదా, మన వీధికి దీపం లేదు," అంది అక్క. అనడం అంది గానీ, బస్సులో దారి పొడుగునా నా చొక్కా కొస వదల్లేదు.

డాక్టరు నెమ్మదైన మనిషి. అక్కతో చాలాసేపు మాట్లాడి, తర్వాత నాతో చెప్పాడు. ఇది పిచ్చి కాదు. ముసలితనం అని వదిలేసేదీ కాదు. ఆ రెంటికీ మధ్య ఉన్న మెట్టు. కొందరు ఈ మెట్టు మీదే ఉండిపోతారు, కొందరు కిందికి దిగుతారు. తను చేసేది షాకు వైద్యం కాదని, మెదడును కొంచెం తట్టి లేపే ప్రయత్నం మాత్రమేనని, ఫలితం ఉంటుందని మాట ఇవ్వలేనని చెప్పాడు. మాట ఇవ్వనన్నాడు కాబట్టే నాకు నమ్మకం కలిగింది.

యంత్రం ఒక చెక్కపెట్టె. లోపల టార్చిలైటులో వేసేలాంటి సెల్లులు. పైన ఒక ముల్లు, తిప్పడానికి ఒక మర. రెండు తీగల చివర గుడ్డ చుట్టిన బిళ్లలు. వాటిని ఉప్పునీళ్లలో తడిపి పిండి, నుదుటి మీద పెట్టి రబ్బరు పట్టీతో బిగిస్తాడు.

"ముందు నాకు పెట్టండి సార్," అన్నాను.

ఆయన నవ్వి పెట్టాడు. చీమలు పాకినట్టు అనిపించింది. నోట్లో ఇత్తడి చెంచా పెట్టుకున్న రుచి. కళ్లు మూసుకుంటే ఒకసారి మెరిసినట్టయింది. అంతకు మించి ఏమీ లేదు. కాబట్టి ఆ యంత్రం ఏం చేస్తుందో ఏం చేయదో నా తల మీద నేను చూసుకున్నదే.

వారానికి ఒకసారి పోయేవాళ్లం. వరండాలో ఒక బల్ల ఉండేది. మేము చేరేసరికి ఆ బల్ల మీద దస్తగిరి, ఆయన కోడలు మాబున్ని కూర్చుని ఉండేవారు. దస్తగిరి ఆదోనిలోనే పరుపులు కుట్టే దూదేకుల మనిషి. అక్కకన్నా కొంచెం పెద్ద. ఉన్న ఊరే కాబట్టి పెందలాడే వచ్చేవాడు. ఎప్పుడూ ముందు ఆయన లోపలికి పోయేవాడు, ఆయన తర్వాత అక్క. ఆయన నుదుటి మీంచి తీసిన బిళ్లలనే డాక్టరు ఉప్పునీళ్లలో ముంచి పిండి అక్కకు పెట్టేవాడు; వారం తిరిగాక మళ్లీ ఆయనకూ అవే. అప్పట్లో అది నాకు వింతగా ఏమీ తోచలేదు.

మొదటి రోజే ఇద్దరికీ మాటలు కలిశాయి.

"నువ్వేమి మర్సిపోయినావమ్మా?" అని అడిగాడు ఆయన.

"అదే గుర్తుకొస్తే ఈడికెందుకొస్తానన్నా," అంది అక్క.

ఆయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "నాకు విల్లు మర్సిపోయినాదమ్మా. దూది ఏకే విల్లు. సేతిలోకి తీసుకుంటాను, దెబ్బ యాడ ఎయ్యాల్నో తెలీదు. దూది నా మొగం సూస్తాది, నేను దూది మొగం సూస్తాను."

"మా మామకు అన్నం తిన్నది గుర్తుండదు గానీ అన్నా, కూరలో నేను కారమెక్కువేసింది మాత్రం మళ్లా శుక్రవారం దాకా గుర్తుంటాది," అంది మాబున్ని నాతో.

"అది కారం కాదే, నిప్పు," అన్నాడు దస్తగిరి.

ఇలా కొన్ని వారాలు గడిచాయి. నేను ఇంట్లో నా పద్ధతిలో ఒక పరీక్ష పెట్టుకున్నాను. గ్లాసు, తాళంచెవి, దువ్వెన లాంటి సామాన్లు పళ్లెంలో పెట్టి అక్కకు చూపించి, మీద గుడ్డ కప్పి, కొంచెంసేపు ఆగి ఏమేమున్నాయో అడిగేవాణ్ణి. సామాన్లు ప్రతిసారీ మార్చేవాణ్ణి. మొదట్లో సగం కూడా చెప్పలేనిది మెల్లగా దాదాపు అన్నీ చెప్పసాగింది. పేర్లు తిరిగి వచ్చాయి. పొయ్యి మీద అన్నం పెడితే దించేదాకా అక్కడే ఉండేది.

చేతులు మాత్రం తిరిగి రాలేదు. దారం కొసలు ఇస్తే అదే చూపు, అదే ప్రశ్న. డాక్టరుకు చెబితే, "మాటలు గుర్తుండే దారి వేరు, చేతిపని గుర్తుండే దారి వేరు సిద్దప్పా. రెండోదాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు," అన్నాడు. ఆ రోజు బస్సులో అక్క నా చొక్కా కొస పట్టుకోలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నా భార్య నన్ను పెరట్లోకి పిలిచింది. "మీ అక్కను సూడు, మంచాన్ని కొడతాంది," అంది.

అక్క నులకమంచాన్ని గోడకు నిలబెట్టి, దాని ముందు ఒక మోకాలు పైకి మడిచి కూర్చుని, పప్పుగుత్తి వెనక వైపుతో నులక తాడును కొడుతోంది. ఒక పెద్ద దెబ్బ, రెండు చిన్నవి, కొంచెం ఆగి ఒక చిన్నది. మళ్లీ మొదటి నుంచి. తాడు టంయ్ టంయ్‌మంటోంది. ఎక్కడా తప్పడం లేదు.

"ఏందక్కా ఇది?"

"ఏమోరా. సెయ్యి పోతాంది."

దూది ఏకేవాళ్లు మా వీధుల్లోకీ వస్తారు. ఎప్పుడో విన్న చప్పుడు బల్ల మీద దస్తగిరి మాటలు విని గుర్తొచ్చి ఉంటుంది. అలా సరిపెట్టుకున్నాను. ఇప్పటికీ ఆ ఒక్కదానికే అయితే ఆ కారణం చాలు.

తర్వాతి వారం మేము పోయేసరికి దస్తగిరి వైద్యం అయిపోయి బల్ల మీద ఉన్నాడు. అక్క లోపలికి పోయింది. మాబున్ని నా మీద విరుచుకుపడింది.

"సూడన్నా ఈ అన్యాయం. మా మామ పొయ్యిలో బూడిద తీసి పొట్లం కట్టి జోబీలో పెట్టుకుంటాడు. వేళ్లకు పూసుకుంటాడు. నా కొత్త దుప్పటి కుచ్చుల్ని పీకి, పాత టవల్ దారాలకు మెలిపెట్టినాడు. ఎందుకు మామా అంటే నవ్వుతాడు. కరెంటు ఎక్కువైనాదేమో సార్‌ను అడుగు."

సంచిలోంచి దుప్పటి తీసి నా ఒళ్లో పడేసింది. కుచ్చుల్లో ఒక వరుస మొత్తం టవల్ దారాలతో అతికి ఉంది. ముడులు కాదు. మెలితిప్పి, మడిచి, ఒత్తినవి. నేను ఒకదాన్ని పట్టుకొని లాగాను. తెగలేదు. గోటితో మెల్లగా విప్పి చూశాను. ఇంకొకటి విప్పాను. ఇంకొకటి.

అన్నీ ఎడమ పురులు.

నా జీవితంలో నేను చూసిన అతుకులకు లెక్క లేదు. ఇందులో పొరపాటు పడను.

"దస్తగిరన్నా, ఇది నీకెవరు నేర్పినారు?"

"ఎవరూ నేర్పల్యా అప్పా. సెయ్యి పోతాంది," అన్నాడు.

"ఒక్కటి ఏసి సూపించు."

ఆయన పొట్లం విప్పి వేళ్లకు బూడిద అద్దుకున్నాడు. రెండు కొసలు తీసుకున్నాడు. ఎడమ చేత్తో వెనక్కి తిప్పాడు. అది చూడగలిగాను. కానీ ఆయన కుడి బొటనవేలు వంచకుండా కర్రలా నిలబెట్టి ఉంచాడు. అది చూడలేకపోయాను. ఆ వేలు వంచమన్నాను. మామూలుగా వంచాడు, చాచాడు, నా మొహం కేసి వింతగా చూశాడు. వేలికి ఏ దెబ్బా లేదు. మళ్లీ దారం పట్టుకోగానే ఆ వేలు బిగుసుకుపోయింది.

అంతలో అక్క బయటికి వచ్చింది. నుదురు ఇంకా తడిగా ఉంది. దస్తగిరి చేతులు చూసి ఆగిపోయింది. వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆమె చూస్తోందని ఆయన కొంచెం సిగ్గుపడి, ఇంకో జత కొసలు తీసుకున్నాడు. చేర్చాడు, తిప్పాడు, మడిచాడు, ఒత్తాడు. అక్క కళ్లు ఆయన వేళ్ల మీదే ఉన్నాయి. ఇంకోటి వేశాడు.

మాబున్ని ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాను.

"అట్ల కాదన్నా," అంది అక్క. "మడిసినాక ఇంగో అరసుట్టు. లేకుంటే అచ్చులో జారిపోతాది."

పొట్లంలోంచి బూడిద తీసుకుంది. రెండు కొసలు పట్టుకుంది. చేర్చింది. నేను ఆ ప్రశ్న కోసం భయపడుతూ చూస్తున్నాను. ఆమె అడగలేదు. వేళ్లు తిరిగాయి. మడిచింది, అరచుట్టు వేసింది, ఒత్తింది. ఇంకో కొస అందుకుంది. ఇంకొకటి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. వేళ్లు మాత్రం ఆగలేదు.

"అయ్యో, ఇద్దరికీ ఒకటే పిచ్చా! నా దుప్పటి యాడ దొరికిందమ్మా మీకు!" అంది మాబున్ని.

కుచ్చులు అయిపోయాక అక్క చేతులు దులుపుకుంది. బల్ల అంచు మీద వేళ్ల కణుపులతో కొట్టసాగింది. ఒక పెద్ద దెబ్బ, రెండు చిన్నవి, ఆగి ఒక చిన్నది. దస్తగిరి తల ఎత్తాడు.

"ఇది మా నాయన దెబ్బ," అన్నాడు. "మా ఇంట్లో దెబ్బ. పక్కింటోళ్లది ఇట్ల ఉండదు."

ఏకేవాళ్లలో ఒక్కో ఇంటికి ఒక్కో దెబ్బ ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆయన కూడా బల్లను కొట్టడం మొదలుపెట్టాడు. మొదట తడబడ్డాడు. తర్వాత అక్క ఆపేసినా ఆయన ఆపలేదు. చప్పుడుకు డాక్టరు తలుపు తీసి చూశాడు. బూడిద పూసుకున్న ఇద్దరు ముసలివాళ్లు, చిక్కులుపడిన దుప్పటి, నోరు తెరుచుకుని నేను. ఏమీ అడగకుండా తలుపు వేసుకున్నాడు.

ఊరికి వస్తూనే అక్క, "నాగప్పకు కబురు సెయ్యి. పడుగు అయిపోతే నేనే అతుకుతానని సెప్పు," అంది.

నాకు ధైర్యం చాలలేదు. బల్ల మీద ఒక వరుస కుచ్చులు అతకడం వేరు, మగ్గం మీద వేల పోగులు వేరు. మళ్లీ తప్పితే ఆమె ఈసారి లేవదు. "ఇంగ కొన్నాళ్లు ఆగుదామక్కా," అన్నాను. ఆమె అటక మీది బూడిద చిప్ప దింపింది.

నాగప్ప ముందుకు రాలేక, కాదనలేక, తలూపాడు. అక్క గుంటమగ్గం ముందు కూర్చుంది. నేను గడప మీద కూర్చున్నాను. నాగప్ప భార్య మజ్జిగ తెచ్చిపెట్టింది, ఎవరూ తాగలేదు. అక్క అంచు దగ్గరికి వచ్చినప్పుడు ఒకసారి ఆగింది. ఆమె చిప్పలో వేలు పెట్టి బూడిద అద్దుకుని, ఎర్రపోగు ఎర్రపోగుకు అతికింది. ఆ పూటా, మరుసటి పూటా పట్టింది.

అయిపోయాక నాగప్ప మగ్గం గుంటలోకి దిగి పడుగును మెల్లగా ముందుకు లాగాడు. అతుకులన్నీ వరుసగా అచ్చులోంచి దాటి రావాలి. వచ్చాయి. ఎరుపు పక్కన ఎరుపు, పసుపు పక్కన పసుపు.

"ఒక్క పోగు తెగల్యా ఈరక్కా," అన్నాడు.

"మళ్లా నా ఎనక ఇప్పి అతుక్కుంటే సేతులు ఇరగ్గొడతా నాగప్పా," అంది అక్క. నాగప్ప భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దస్తగిరి కూడా మళ్లీ విల్లు పట్టుకున్నాడని తర్వాత మాబున్ని చెప్పింది. ఆయన వేళ్లకు బూడిద పూసుకోవడం మానేశాడు. అక్క నులకమంచాన్ని కొట్టడం మానేసింది.

ఇక నేను ఆలోచించినవి చెబుతాను. దస్తగిరి ఎప్పుడైనా ఎమ్మిగనూరు వచ్చి అక్క పని చూశాడా? ఆయన ఏనాడూ మగ్గం ఉన్న ఇంట్లోకి అడుగుపెట్టలేదని మాబున్ని, ఆమె భర్త ఇద్దరూ చెప్పారు. బల్ల మీద అక్క చేసి చూపించిందా? అప్పటికి ఆమెకే రాదు. ఆమె దారం ముట్టుకోవడమే మానేసింది. నేను ప్రతిసారీ పక్కనే ఉన్నాను. మాటల్లో చెప్పి ఉంటుందా? ఎడమ పురి ఎలా వేస్తుందో అక్క నాకే మాటల్లో చెప్పలేకపోయింది. చెప్పినా, వంగని వేలిని ఎవరు నేర్చుకుంటారు?

డాక్టరుకు అంతా వివరంగా చెప్పాను. ఆయన అడ్డుచెప్పకుండా విన్నాడు. "కరెంటుకు జ్ఞాపకం ఉండదు సిద్దప్పా," అన్నాడు. నేనూ ఒప్పుకున్నాను. కానీ తర్వాతి వారం పోయేసరికి ఒక్కో రోగికి ఒక్కో జత బిళ్లలు, వాటికి వేరువేరు రంగు దారాలు కట్టి ఉన్నాయి. ఎందుకు సార్ అని అడిగితే, "శుభ్రం కోసం," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

కొంతకాలానికి ఆయన ఆదోని విడిచి పోయాడు. వైద్యం ఆగింది. అక్కకు చిన్నచిన్న మరుపులు మళ్లీ వస్తూనే ఉన్నాయి. ఒకోసారి నా భార్యను మా చిన్నమ్మ పేరుతో పిలుస్తుంది. కానీ ఆ మెట్టు దిగలేదు. ఇప్పటికీ అచ్చు అతుకుతుంది. ముందున్నంత వేగం లేదు, అంతే.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదేమో. పోయిన ఎండాకాలం పరుపులు ఏకించడానికి నేను ఆదోని పోయాను. దస్తగిరి గదిలో గాలి నిండా దూది ఎగురుతోంది. గడ్డం, కనుబొమలు అన్నీ తెల్లగా, మధ్యలో ఆయన నవ్వుతూ కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టాడు, పేరు మాత్రం అందలేదు. టీ తెప్పించాడు. తాగుతూ నన్నే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ తన ఎడమ చెవి తమ్మె పట్టుకున్నాడు.

"ఇది పట్టుకుంటే గానీ నిద్రపోయేటోడివి కాదు గదప్పా నువ్వు," అన్నాడు. "గోరు గుచ్చుకునేది. ఇడిపించుకుంటే ఏడుస్తావని అట్లనే కూసునేదాన్ని."

కూసునేదాన్ని అన్నాడు. అన్నది ఆయన గమనించలేదు. విల్లు అందుకుని పనిలో పడ్డాడు. నేను టీ గ్లాసు కింద పెట్టాను. ఆయన చెప్పిన సంగతి నాకు తెలియదు. నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంటికి వచ్చేసరికి అక్క చిక్కుళ్లు గిల్లుతోంది. చిన్నప్పుడు నేనెలా నిద్రపోయేవాణ్ణని అడిగాను. ఆలోచించింది, గుర్తు లేదంది. చెవి సంగతి చెప్పాను. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"నీకెవరు సెప్పినార్రా? నేనే మర్సిపోయింటినే!" అంది. ఎడమ చెవి తడుముకుంది. "ఈ సెవే. గోళ్లు రక్కసి గోళ్లు నీవి."

దస్తగిరి చెప్పాడన్నాను. బల్ల మీద ఎప్పుడైనా ఆయనతో అన్నావా అని అడిగాను. అనలేదంది. ఆమె మరిచిపోయే మనిషి కాబట్టి ఆ సాక్ష్యాన్ని నేను పూర్తిగా తీసుకోలేను. అలాగని పక్కన పెట్టలేను. తనకే గుర్తులేనిదాన్ని ఎలా చెబుతుంది?

"నీకు భయంగా లేదా అక్కా?"

"భయమెందుకురా," అంది, మళ్లీ చిక్కుళ్లు అందుకుంటూ. "నాది కొంత ఆయన కాడ ఉంటే ఉండనీ. నేను మర్సిపోయిన దినం, ఒకరికైనా గుర్తుంటాది గదా."

ఆమె మొహంలో నిజంగానే ఏ దిగులూ లేదు. అది చూశాక నాకూ లేదు. కానీ లెక్క తేలకపోతే మళ్లీ మొదటి నుంచి వేయడం నా అలవాటు. ఇది చాలాసార్లు వేశాను. చిన్నప్పుడు నన్ను ఒళ్లో పెట్టుకుని నిద్రపుచ్చింది ఒక్క మనిషి. అది గుర్తున్నవాళ్లు ఇద్దరు. ఎలాగో నాకు తెలియదు.